ఎడమకాలి చెప్పు

ఒకే కప్పు కింద పడుకుంటూ, ఒకే కుండలో వండుకున్నది తింటూ, ఒకరిమీద ఒకరు తగువుకెళ్ళినవాళ్ళని మీరెక్కడైనా చూశారా? మేం చూశాం. ఊరి గవిని, అంటే ఊరి పెద్దవాకిలి దగ్గర, పెద్దల ముందు నిలబడాల్సిన రోజు అతారా పొద్దున్నే లేచి, పొయ్యి రాజేసి, యవల రొట్టెలు కాల్చి, ఎవరిమీద తగువాడబోతోందో ఆ చిన్నాన్నకే మూట కట్టింది. ఆయనకి ఇష్టమని అందులో ఉప్పులో ఊరిన ఒలీవ కాయలు కూడా వేసింది. ఇంకేం చెప్పమంటారు!

"కాయలు ఇంకాసిని వెయ్యవే. పెద్దలు ఎంతసేపు నాన్చుతారో ఏమో," అన్నాడు ఊలాము, గుమ్మంలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ.

"ఎక్కువే వేశాలే చిన్నాన్నా. ఓడిపోయాక నీకు ఆకలేస్తుందని."

"ఓడేది నేనా! నీ మొహం. సాయంత్రం ఏడుస్తూ వస్తావు చూడు."

"వస్తే నీ పక్కనే కదా రావాలి. అప్పుడు చూద్దువుగాని."

మూల కంబళి కప్పుకుని కూర్చున్న హెలా ముసలమ్మకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఊలాము ఆవిడ కడుపున పుట్టినవాడు. అతారా ఆవిడ పెద్దకొడుకు కూతురు. ఆ పెద్దకొడుకు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఎవరి పక్కన నిలబడాలి పాపం?

"మీ ఇద్దర్నీ ఒకే తాడుకి కట్టేసి ఎండలో నిలబెడితే గానీ బుద్ధి రాదు," అంది లేస్తూ. "నా గాడిద మీద గంత వెయ్యండి. నేనూ వస్తాను."

"నువ్వెందుకమ్మా ఈ ఎండలో?"

"మీరు కొట్టుకుంటే విడదీసేదెవర్రా? పెద్దలా? గడ్డాలు దువ్వుకోవడానికే వాళ్ళకి పొద్దు చాలదు."

తగువు తోట గురించి. మా ఊరికి ఎగువన కొండవాలులో మెట్లు మెట్లుగా రాతి కట్టలు పోసి పెంచిన ద్రాక్షతోట ఉంది. తీగలు నాటింది అతారా తండ్రి పెరెషు. నేల మాత్రం అప్పటికి తాతదే. అతారాకి పాలపళ్ళు ఊడుతున్న వయసులో పెరెషు జ్వరమొచ్చి పోయాడు. కొడుకుల్లేరు, ఈ ఒక్క పిల్లే. తల్లి అంతకుముందే పోయింది. తాత మాత్రం గట్టివాడు, మొన్న చలికాలం దాకా బతికాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కొడుకుల్లేకుండా పోయినవాడి ఆస్తి కూతురికి రావాలని మా వాళ్ళకి చట్టం ఉంది. మా పెద్దలు ఎడారిలో తిరుగుతున్న రోజుల్లో సెలోపెహాదు కూతుళ్ళు అయిదుగురూ మోషే ముందు నిలబడి, కొడుకుల్లేనంత మాత్రాన మా నాన్న పేరు ఎందుకు పోవాలని అడిగి తెచ్చుకున్న చట్టం అది. ఊలాముకి దానిమీద పేచీ లేదు. ఆయన పేచీ వేరు. "మా అన్న పోయేనాటికి ఆ నేల మా నాన్నది. అన్నకంటూ ఏముంది, కూతురికి రావడానికి? మా నాన్న పోయేనాటికి మిగిలిన కొడుకుని నేనొక్కణ్ణే. అంచేత నాది." అతారా ఏమంటుందంటే, "మా నాన్న బతికుంటే ఆయన వంతు ఆయనకొచ్చేది. ఆయన లేడు కాబట్టి ఆ చోట నేనున్నాను. కింది యవల చేలన్నీ నువ్వే ఉంచుకో చిన్నాన్నా. నాన్న నాటిన తోట నాకియ్యి." ఊలాము చెప్తుంటే ఊలాముదే న్యాయమనిపిస్తుంది, అతారా చెప్తుంటే అతారాదే అనిపిస్తుంది. ఊళ్ళో వాళ్ళం రెండు వైపులా తలూపి తలూపి మెడలు నొప్పెట్టించుకున్నాం.

అసలు ఆ పిల్లకి తోట మీద ఆశ లేదండీ, నామాట నమ్మండి. ఆశంతా పేరు మీదే. మా సీమలో నేలని మనిషి పేరుతోనే పిలుస్తాం. ఫలానావాడి చేను, ఫలానావాడి బావి. మొన్న వసంతంలో ఊటబావి దగ్గర కుండలమ్మేవాడొకడు, "ఊలాము తోట పక్కనించేనా అమ్మా దారి?" అని అడిగితే, నీళ్ళు తోడుతున్న ఆడవాళ్ళు "ఆ, అదే" అన్నారట. అతారా సగం నిండిన కుండతో ఇంటికొచ్చి, కుండ దింపి, గోడకి మొహం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నాళ్ళూ అది పెరెషు తోట. తాత పోయి నాలుగు వానలు పడ్డాయో లేదో, ఊలాము తోట అయిపోయింది. ఇంకో రెండేళ్ళు పోతే పెరెషనే మనిషి ఒకడు ఉండేవాడని ఎవరికి గుర్తుంటుంది?

ఆ ఏడుపు మధ్యలోనే పెళ్ళి కూడా కుదిరింది. వరుడు లోయకి అవతల, ఆ అయిదుగురిలో నోయాకి వచ్చిన వంతువాళ్ళ అబ్బాయి, పేరు రాకెము. మాలాగే మనష్షే గోత్రంలోవాడే కాబట్టి నేల పరాయి గోత్రానికి పోతుందన్న బెంగ లేదు. సంబంధం చూసింది ఊలామే. వరుడి పళ్ళు, గొర్రెలు, వాళ్ళ నాన్న నోటి దురుసు అన్నీ పరీక్ష చేసి మరీ ఒప్పుకున్నాడు. పెళ్ళి ద్రాక్షకోత అయ్యాక. అన్నీ సవ్యంగా ఉన్నాయి కదా, అప్పుడు అడిగింది అతారా తోట సంగతి.

"మేకలిస్తాను, నూనె జాడీలిస్తాను, మీ అమ్మ కడియాలు ఎలాగూ నీవే," అన్నాడు ఊలాము. "తోట మాత్రం అడక్కు. నేను పోయాక ఎలాగూ నీకే కదే వచ్చేది, నాకెవరున్నారని!"

"అప్పుడు ఊలాము తోటగా వస్తుంది. నాన్న తోటగా రాదు."

ఊలాము మొహం మాడిపోయింది. "నా పేరంటే అంత చేదా నీకు?"

"చేదని ఎవరన్నారు? నాన్న పేరు కావాలన్నాను."

"ఇవ్వను పో."

"అయితే గవినికి వెళ్తాను."

"వెళ్ళు! నీ కాళ్ళకి నేనేమైనా సంకెళ్ళు వేశానా?"

అదీ జరిగింది. ఆ రాత్రి ఇద్దరూ అన్నం మానేస్తారని హెలా ముసలమ్మ భయపడింది గానీ, ఎర్రపప్పు పులుసు వాసనకి ఇద్దరూ లేచి వచ్చి, ఎడమొహం పెడమొహంగా కూర్చుని కుండ ఊడ్చేశారు.

ముసలమ్మ గాడిద మీద, మిగతా ఇద్దరూ చెరో పక్కన, అలా బయల్దేరారు. ఊలాము కుడికాలు ఈడుస్తాడు. పెరెషు పోయిన ఏడాది పెద్దవాన కురిసి తోటలో పైకట్ట జారిపోయింది. తీగలన్నీ వేళ్ళతో సహా లోయలోకి కొట్టుకుపోయేవే. ఆ వానలోనే ఊలాము ఒక్కడూ రాయి మీద రాయి పేర్చి కట్ట నిలబెట్టాడు. ఆఖర్న ఒక బండరాయి జారి పాదం మీద పడింది. అప్పట్నించీ ఆ కాలు అంతే. నేలకి రాసుకుని రాసుకుని కుడిచెప్పు వారు తెగుతూనే ఉంటుంది. అతారాకి సూది పట్టడం వచ్చినప్పట్నించీ నడుముకి కట్టుకున్న సంచిలో ఎముక సూదీ, తోలు పేలికలూ ఉంటాయి. మా ఊళ్ళో మిగతా ఆడపిల్లలు దువ్వెన పెట్టుకుంటారు.

ఊరి బయట అంజూరపు చెట్టు దాకా వచ్చేసరికి ఊలాము నిలబడిపోయాడు. ఒక్క మాటైనా మాట్లాడకుండా చెప్పు తీసి పక్కకి చాచాడు. అతారా కూడా మాట్లాడకుండా అందుకుని, రాయి మీద కూర్చుని, వారుకి ముడి వేసి తిరిగిచ్చింది.

"ఇది ఎక్కువసేపు ఆగదు చిన్నాన్నా. వారు పూర్తిగా చివికిపోయింది. కొత్త జత కొనుక్కోమని ఎన్నిసార్లు చెప్పాను?"

"నీ తగువు తేలనీ. అప్పుడు కొంటాను."

"ఆ పేరు చెప్పి ఇంకో ఏడాది గడిపెయ్యి. పిసినారి!"

గాడిద మీద ముసలమ్మ కిసుక్కున నవ్వింది. "హొగ్లా పోలిక ఎక్కడికి పోతుందే!"

ఆ మాట వెనకాల ఒక కథ ఉంది. మా ఊరు హొగ్లా వంతులోది. హొగ్లా ఆ అయిదుగురు అక్కచెల్లెళ్ళలో నడిమి పిల్ల. మహలా పెద్దది, ధైర్యంగా మాట్లాడింది. తిర్సా కడగొట్టుది, అందగత్తె. మరి మా హొగ్లా ఏం చేసిందయ్యా అంటే, మోషే ఉన్న గుడారం ముందుకి వెళ్ళేముందు అందరూ చెప్పులు విప్పితే, అవి జనం కాళ్ళకింద పడి పోకుండా ఒడిలో పెట్టుకుని కాపలా కాసిందట. మా ఇళ్ళల్లో చెప్పుకునే మాట ఇది, నిజమో అబద్ధమో ఆవిడకే తెలియాలి. షిలోహులో పండగకి కలిసినప్పుడల్లా తిర్సా వంతువాళ్ళు మమ్మల్ని చూసి, "రండి రండి, చెప్పులు కాసినవాళ్ళొచ్చారు" అని ఎగతాళి చేస్తారు. వాళ్ళకి అందం మిగిలిందో లేదో గానీ నోరు మాత్రం మిగిలింది.

హెలా ముసలమ్మ దీనికి ఎప్పుడూ తల దించుకోలేదు. "కాసింది, అయితే ఏంటట?" అనేది. "అంత జనంలో, అంత గాభరాలో, అయిదు జతలూ తారుమారు కాకుండా ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చింది. అడిగి తెచ్చుకోవడం అందరికీ వస్తుంది. ఎవరిది వాళ్ళకివ్వడం చెయ్యమను చూద్దాం." చిన్నప్పుడు అతారా ఇది విని, అయిదు జతల చెప్పులు ఒళ్ళో వేసుకుని కూర్చునే ఆట ఆడేది.

గవిని దగ్గర రాతి అరుగుల మీద పెద్దలు అప్పటికే సర్దుకుని కూర్చున్నారు. నడుమ అహ్యాను, అందరిలోకీ పెద్ద, ఎండు అంజూరాలు నములుతూ. పనీపాటా లేనివాళ్ళం మేమంతా చుట్టూ చేరాం. అబద్ధమెందుకు, ఆ రోజు చేలల్లో మనిషన్నవాడు లేడు.

వీళ్ళకంటే ముందు ఒక చిన్న పంచాయితీ అయింది. ఒకాయన బావిలో తన వాటా దాయాదికి వదులుకున్నాడు. మా ఆచారం ప్రకారం పెద్దలు చూస్తుండగా చెప్పు తీసి దాయాది చేతిలో పెట్టాడు. అంతే, ఇంక మాట తిరగడానికి లేదు. చెప్పు చేతికిచ్చాక ఆ నేల మీదగానీ నీటి మీదగానీ నీకు అడుగు పెట్టే హక్కు పోయినట్టే. ఆయన ఒంటికాలి చెప్పుతో ఎండకి కాలిన రాళ్ళమీద గెంతుకుంటూ పోతుంటే పిల్లలు వెంటపడి నవ్వారు.

తర్వాత వీళ్ళు. ఊలాము తన మాట చెప్పాడు. అతారా తన మాట చెప్పింది. ఎక్కడా ఆగలేదు.

"నాకు నేల కావాలని కాదు పెద్దయ్యా. మా నాన్న ఏ పాపం చేశాడని ఆయన పేరు పోవాలి? కొడుకు లేకపోవడమేనా పాపం?"

ఆ మాటకి మాలో కొందరికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ మాటే ఎడారిలో అయిదుగురు అడిగింది, ఇంటింటా చెప్పుకునేదే, అయినా ఆ పిల్ల నోట వింటే కొత్తగా ఉంది.

హెలా ముసలమ్మ గాడిద దిగకుండానే అందుకుంది. "ఏమయ్యా అహ్యానూ, ఈ కొండ హొగ్లా కొడుకులకి ఎవరి దగ్గర్నించి వచ్చింది? తల్లి దగ్గర్నించి కాదూ? ఆడదాని నేల మీద కూర్చుని ఆడపిల్లకి వస్తుందా రాదా అని గడ్డాలు గోక్కుంటున్నారా?"

"నిజమే వదినా," అన్నాడు అహ్యాను ఓపిగ్గా. "కానీ హొగ్లాకి వచ్చింది తండ్రిది. ఈ పిల్ల అడిగేది తాతది. తండ్రి చేతికి ఆ నేల రానేలేదు. దీనికి ముందు ఇలాంటిది మేం విన్లేదు."

పెద్దలు తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. సగంమంది ఇటు, సగంమంది అటు. చివరికి అహ్యాను గొంతు సవరించుకుని, పైఊరి పెద్దల్ని కూడా అడగాలి, ద్రాక్షకోతలయ్యాక చూద్దాం అన్నాడు. ద్రాక్షకోతలయ్యాక అంటే పెళ్ళయ్యాక. ఆ ఏడాది పంట ఊలాము తోట పేరుతోనే గానుగకి వెళ్తుంది. అతారా తల వాలిపోయింది.

గెలిచినట్టే కదా, ఊలాము సంతోషపడాలి. పడలేదు. ఆ పిల్ల తల వాల్చడం చూసేసరికి ఆయనకి ఎక్కడ లేని కోపం వచ్చింది. పెద్దలమీదో, ఆ పిల్లమీదో, తనమీదో ఆయనకే తెలీదు. కర్ర నేలకేసి కొట్టి లేచాడు.

"అందరూ నన్ను దొంగని చూసినట్టు చూస్తారేం?" అని అరిచాడు. "మా అన్న పోయాడు, ఏడ్చాను. కానీ మా అన్నకి ఇదుంది! ఇదిగో, ఇలా గవినికొచ్చి మా నాన్న పేరు, మా నాన్న పేరు అని ఏడవడానికి ఒక కూతురుంది! నేను పోతే ఎవరేడుస్తారు? నా పెళ్ళాం కడుపు పండకుండానే పోయింది. ఇదేమో లోయ దాటి వెళ్ళిపోతుంది. ఆ నాలుగు తీగలకైనా నా పేరుంటే తప్పేంటి? ఊలామనేవాడు ఒకడు ఈ ఊళ్ళో బతికాడని ఒక్కటంటే ఒక్క గుర్తు..."

కాలు నేలకేసి తన్నాడు. టప్పుమని కుడిచెప్పు వారు మళ్ళీ తెగింది.

ఇక ఆ తర్వాత జరిగింది మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా జరగదు. ఏళ్ళ తరబడి అలవాటు కదా, ఊలాము వంగి చెప్పు తీశాడు. పక్కకి తిరగనైనా తిరక్కుండా చెయ్యి చాచాడు.

"చూడు తల్లీ, మళ్ళీ పోయింది."

అతారా కూడా అలవాటు కొద్దీ అందుకుంది. ఒళ్ళో పెట్టుకుని సంచిలో సూది కోసం వెతుకుతోంది.

మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఆ వెంటనే మేమంతా గొల్లుమన్నాం. నేనైతే పక్కవాడి భుజం పట్టుకుని నవ్వాను, పాపం మూటకట్టుకున్నాను. పెద్దల మొహాలు వెలిగిపోయాయి. తేల్చలేక తలలు పట్టుకున్న తగువు దానంతట అదే వచ్చి వాళ్ళ ఒళ్ళో పడింది మరి!

"ఊలాము చెప్పు తీశాడు, పెరెషు కూతురి చేతికిచ్చాడు," అన్నాడు అహ్యాను లేచి నిలబడి. "అందరూ చూశారా?"

"చూశాం!" అని అరిచాం.

"ఏయ్, ఏయ్, ఆగండి!" ఊలాము ఒంటికాలి మీద గెంతాడు. "వారు తెగిందయ్యా! బాగుచెయ్యమని ఇచ్చాను! కళ్ళు లేవా మీకు?"

"కళ్ళున్నాయి కాబట్టే చూశాం. నువ్వెందుకిచ్చావో మాకనవసరం. ఇచ్చావా లేదా?"

"ఇచ్చాను గానీ..."

"తీసుకుందా లేదా?"

"తీసుకుంది గానీ..."

"అయిపోయింది."

ఊలాము పెద్దలవైపు తిరిగాడు. చుట్టూ చూశాడు. ఇంతమందీ నవ్వుతున్నారు. మెల్లిగా అరుగు అంచున కూర్చున్నాడు. అరిచినా బాగుండేది. చిన్నగా, నీరసంగా, "సరేనే, ఉంచుకో. చట్టం చట్టమే," అన్నాడు. ఆ గొంతు వినేసరికి మా నవ్వు ఒక్కొక్కరిదీ ఆగిపోయింది.

అతారా ఒళ్ళో చెప్పు ఉంది. చివికిన తోలు, తన చేత్తో వేసిన ముడులే పది చోట్ల. అదే ఇప్పుడు నాన్న తోట. ఇంటికి తీసుకెళ్ళి మేకుకి తగిలిస్తే చాలు, ఎవరూ కాదనరు. నాన్నా, వచ్చేసింది నాన్నా, అని లోపల్లోపల అనుకుంది. అనుకుంటూ కళ్ళెత్తేసరికి ఎదురుగా చిన్నాన్న వట్టి పాదం కనిపించింది. వేళ్ళు ఒకదానిమీద ఒకటి ఎక్కి, గోళ్ళు లేకుండా, నల్లగా కమిలి ఉన్న పాదం. ఇన్నేళ్ళూ చెప్పు బాగుచేసింది గానీ ఆ కాలివైపు ఏనాడూ తేరిపార చూడలేదు. ఇంతమందిలో ఆయన దాన్ని రెండో కాలి వెనక్కి దాచుకుంటున్నాడు.

నాయనమ్మవైపు చూసింది. ముసలమ్మ కూడా ఆ పాదంవైపే చూస్తోంది.

అతారా సూది తీసింది. పాత వారు కోసేసింది. సంచిలో ఉన్నవాటిలోకి మంచి తోలు పేలిక ఏరి, గట్టిగా, తీరిగ్గా కుట్టింది. మేమంతా చూస్తూ నిలబడ్డాం. కుట్టడమయ్యాక వెళ్ళి చిన్నాన్న ముందు నేలమీద కూర్చుని, ఆ పాదం బయటికి లాగి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏయ్, వదులు. ఏంటిది అందరిలో!"

"ఊరుకో." చెప్పు తొడిగి, వారు కట్టి, పెద్దలవైపు తిరిగింది. "పెద్దయ్యా, ఈ చెప్పు చిన్నాన్న నాకు బాగుచెయ్యమని ఇచ్చాడు. బాగుచేశాను. ఎవరిది వాళ్ళకి ఇచ్చేశాను. దీంతో తోట తీసుకుంటే మా నాన్న సమాధిలో సిగ్గుపడతాడు. ఆయన నాటిన తీగలు కొట్టుకుపోకుండా ఈ కాలే కదా పెట్టింది అడ్డం? కోతలయ్యాకే తేల్చండి. ఎంతకాలమైనా సరే, నేను అడుగుతూనే ఉంటాను. కానీ ఒకటి మాత్రం ఇప్పుడే చెప్తున్నా, అందరూ వినండి. తోట ఎవరి పేరు మీదున్నా, ఆ పైకట్ట మాత్రం ఊలాము కట్ట. నేను అలాగే పిలుస్తాను. నా పిల్లలూ అలాగే పిలుస్తారు. ఇంకోలా పిలిస్తే చెవి మెలేస్తాను."

ఊలాము ఆ పిల్ల తలవైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత ఎడమకాలు ఎత్తి మోకాలి మీద పెట్టుకుని, ముడి విప్పడం మొదలుపెట్టాడు. ముడి బిగుసుకుపోయి ఎంతకీ రాలేదు. అతారా సాయం చెయ్యబోతే చెయ్యి మీద ఒక్కటేశాడు.

"నువ్వు తీస్తే చెల్లదు. నన్ను తియ్యనీ."

తీశాడు. లేచి నిలబడ్డాడు. ఆ చెప్పుని పెద్దలందరికీ కనపడేలా ఎత్తి పట్టుకున్నాడు. "చూడండి. అహ్యానూ, నీ చూపు మందగించింది, దగ్గరికొచ్చి చూడు. వారు తెగిందా?"

అహ్యాను నిజంగానే దగ్గరికొచ్చి వేలు పెట్టి లాగి చూశాడు. "తెగలేదు. గట్టిగానే ఉంది."

"రేపు ఎవడూ ఊలాము పొరపాటున ఇచ్చాడనకూడదు." చెప్పు అతారా చేతుల్లో పెట్టాడు. "మా అన్న పెరెషు తోట. ఇది ఆయన కూతురు. ఆయన చోట నిలబడింది. నేను తప్పుకున్నాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అతారా ఆ చెప్పుని రెండు చేతులా గుండెకి హత్తుకుని అక్కడే, గవిని నడుమ, చిన్నపిల్లలా ఏడ్చేసింది. "ఏడుస్తూ వస్తావని చెప్పానా లేదా?" అన్నాడు ఊలాము, తన ముక్కు తుడుచుకుంటూ.

తిరుగుదారిలో ఆయన అవస్థ చూడాలి. కుడికాలు కుంటిది, ఎడమకాలు వట్టిది. అడుగడుక్కీ అమ్మో అబ్బో అంటూ అతారా భుజం మీద బరువంతా వేసి నడిచాడు.

"అమ్మా, కాసేపు గాడిద దిగకూడదూ?"

"దిగను. చెప్పు నేనిమ్మన్నానా?" అంది ముసలమ్మ. అలా అంటూనే తన తలగుడ్డ విప్పి, కాలికి చుట్టుకోమని కిందకి విసిరింది.

అంజూరపు చెట్టు దగ్గరికొచ్చేసరికి ముగ్గురూ చతికిలబడ్డారు. అతారా మూట విప్పి రొట్టెలు పంచింది. ఒలీవ కాయలన్నీ చిన్నాన్న వైపు జరిపింది. ఆయన నాలుగు నోట్లో వేసుకుని నములుతూ, "అయితే ఓడిపోయానంటావా?" అన్నాడు.

అతారా ఇంకో రొట్టె తుంచి ఆయన చేతిలో పెట్టింది. "ఎండాకాలమంతా తోటలో కాపలా గుడిసెలో ఉండడానికి మనిషి కావాలి," అంది. "నక్కల్ని తోలాలి, కట్ట చూసుకోవాలి. కోతలకి నేనూ రాకెమూ వస్తాం. నమ్మకమైన మనిషి ఎవరైనా ఉంటే చెప్పు చిన్నాన్నా."

"ఓహో! అప్పుడే నన్ను కూలికి పెట్టుకుంటున్నావా?"

"కూలేం ఇవ్వను. చెప్పులు బాగుచేస్తాను."

"ముందు ఆ ఎడమది కాస్త అప్పివ్వవే. ఇంటిదాకా."

"ఇవ్వను. అది నా తోట."

ముసలమ్మ రొట్టె గొంతుకి అడ్డం పడేలా నవ్వింది. అంతలో కింది మలుపులోంచి, గాడిదమీద కుండలు గలగలలాడించుకుంటూ అతనొచ్చాడు, వసంతంలో వచ్చిన ఆ కుండలవాడే. చెమట తుడుచుకుని, ఎగువ ఊరికి ఇదేగా దారి అని అడిగి, కొండవైపు చెయ్యి చూపించాడు. "అదిగో, ఆ ఊలాము తోట పక్కనించేగా వెళ్ళాలి?"

అతారా నోరు తెరిచేలోపే ఊలాము అందుకున్నాడు. "ఊలాము తోటేంటయ్యా? పెరెషు తోట. పెరెషు! మా అన్న."

"ఊలాము కట్ట వెంబడే వెళ్ళు," అంది అతారా. "పైన కనిపిస్తోందే పెద్ద రాతికట్ట, అదే. ఎంత వానొచ్చినా జారదు."

కుండలవాడు ఇద్దరివైపూ మార్చి మార్చి చూశాడు. ఒకాయనకి ఒక కాలికే చెప్పు, రెండోదానికి ఆడవాళ్ళ తలగుడ్డ. ఆ పిల్ల ఒళ్ళో రెండో చెప్పు. వీళ్ళతో మనకెందుకనుకున్నాడో ఏమో, దారి మరిచిపోకుండా గొణుక్కుంటూ గాడిదని అదిలించాడు.

"పెరెషు తోట, ఊలాము కట్ట. పెరెషు తోట, ఊలాము కట్ట."

మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ముగ్గురూ ఆ మాటే వింటూ కూర్చున్నారు.